లీమాకి గంటా పది నిమిషాలు

విశాఖపట్నం నుంచి భూగోళానికి అవతలి వైపున్న లీమా నగరానికి పదిహేడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు. రెండు చోట్ల విమానం మారాలి. మారిన ప్రతిచోటా ఇనప కుర్చీలో కునికిపాట్లు పడాలి. తిన్నది టిఫినో రాత్రి భోజనమో తెలియని స్థితిలో ముప్పై ఒక్క గంటకి దిగేవాళ్ళు. ఇప్పుడు గంటా పది నిమిషాల్లో దిగుతున్నారు. అందులోనూ సగం బెల్టులు పెట్టుకోవడానికీ ఊడదీసుకోవడానికే పోతుంది.

విశాఖపట్నానికి ఉత్తరాన కొండమీద ఉన్న మడత కేంద్రం చేసిన ఘనకార్యం ఇది. కొండ వెనక రన్‌వే చివర నాలుగు ఉక్కు స్తంభాల మధ్య ఖాళీ జాగా ఉంటుంది. దాన్ని అందరూ గుమ్మం అంటారు. లీమా శివార్లలో ఇలాంటిదే ఇంకొకటి ఉంది. రెండూ ఒకేసారి తెరిస్తే మధ్యలోని దూరం ముడుచుకుంటుంది. విమానం ఇక్కడ దూరి అక్కడ తేలుతుంది. ఇంకా ప్రయోగదశే కాబట్టి వారానికొక్కసారి, గురువారం పొద్దున పదింటికి తెరుస్తారు. అరవై మందితో ఒక విమానం అటు పోతుంది, ఇంకో అరవై మందితో ఒకటి ఇటు వస్తుంది. మడిచిన దూరం ఏమవుతుందని మొదట్లో విలేకరులు అడిగితే, ఏమీ కాదన్నారు డైరెక్టర్ పరాంకుశం గారు. అబద్ధం చెప్పలేదు. ఆయనకి తెలిసింది అంతే.

నూకరత్నం అక్కడ కొలతల విభాగానికి పెద్ద. కిందివాళ్ళందరికీ రత్నం మేడం. రోజూ ఉదయం ఆరున్నరకి గుమ్మం పక్కనున్న రెండు సిమెంటు దిమ్మెల మధ్య దూరాన్ని లేజరుతో కొలవడం ఆమె పని. సరిగ్గా మూడు వందల మీటర్లు ఉండాలి. మూడు మిల్లీమీటర్లో నాలుగో తేడా వస్తే ఎండకి సాగిందనో, ఉప్పుగాలికి దిమ్మె ఒరిగిందనో రాసి, యంత్రాన్ని మళ్ళీ సున్నాకి తెచ్చేది. ఈ నియమం ఆమె పెట్టిందే. పొద్దున్నే కొలబద్ద సరిచూసుకోకపోతే రోజంతా తప్పే కొలుస్తామని కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది. ఆ తీరం పొడుగునా ఫోన్లలో కనిపించే పటాలకి సవరణలు వెళ్ళేది కూడా ఆమె యంత్రం నుంచే. గురువారం నాడు ఆమె 'కొలత సరి' అని సంతకం పెడితే గాని గుమ్మం తెరుచుకోదు.

గురువారమంటే ఆమెకి ఇంకో సంగతి కూడా. భర్త శశిభూషణ్ లీమా వైపు గుమ్మంలో ఇంజనీరు. ముప్పై ఒక్క గంటల రోజుల్లో ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. కూతురు మిన్ను అతన్ని 'ఫోన్ నాన్న' అనేది. ఎదురుగా వచ్చి నిలబడితే జడిసి తల్లి వెనక నక్కేది. గుమ్మం తెరిచాక ఈ పది నెలల్లో ఆ పిల్ల తండ్రి భుజమెక్కి చెవులు మెలిపెట్టడం నేర్చుకుంది. ఈమధ్య మూడు వారాలుగా అక్కడి మరమ్మతులతో శశి రాలేదు. రత్నం కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

పోయిన శుక్రవారం పొద్దున దిమ్మెల తేడా ముప్పై ఒక్క మిల్లీమీటర్లు వచ్చింది. రత్నం కాసేపు దానివంక చూసింది. వేసవి మరీ ముదిరిందనుకుంది. సున్నా చేసి క్వార్టర్సుకి వచ్చేసింది.

బుధవారాలు ఆమె అక్క పైడమ్మ చేపలు తెస్తుంది. పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ముత్తేలపాలెంలో వాళ్ళ ఇల్లు. ఆరింటి బస్సెక్కితే ఏడింటికల్లా రావాలి. ఈ బుధవారం ఏడున్నర కావస్తుండగా వచ్చి గడపలో గంప దించి, చెమట తుడుచుకుంటూ కూలబడింది.

"ఏటప్పా, ఇంత ఆలీసం?"

"నన్నంటావేటే. ఆరింటి బస్సే ఎక్కినాను. దారిలో ఎక్కడా ఆగనేదు. డ్రైవర్ని అడిగితే నామీద ఇరుసుకుపడ్డాడు. బండి బాగానే ఉంది, రోడ్డే తరగట్నేదన్నాడు. ఈ నెల్లాళ్ళనుంచీ ఇదే వరస."

"ట్రాఫిక్కేమో."

"గేదెలు తప్ప ఏటుంటాయే ఆ రోడ్డుమీద? మీ బావ పడవా అలాగే సేత్తంది. ఇంజను డీజిలు తాగేత్తంది. మొన్న ఒడ్డుకొచ్చేసరికి డబ్బాలో సుక్క నేదు. ఎక్కువ దూరం పోనావేటని అడిగినాను. నేదే, కొండ తాటితోపు మీదకొచ్చినకాడే వలేసినాను, ఎప్పుడూ ఏసినకాడే అన్నాడు."

సముద్రం మీద జాలర్లకి రాళ్ళూ రప్పలూ గుర్తులుండవు. ఒడ్డునున్న ఏ కొండ ఏ తోపు మీదకి వచ్చి కనిపిస్తే ఎంత దూరంలో ఉన్నట్టో వాళ్ళకి తెలుసు. తాతల నాటి నుంచీ ఆ లెక్క తప్పలేదు.

రత్నం నవ్వి, "మీ ఊరు మా నుంచి జరిగిపోతోందేమో అప్పా" అంది. "మేం లీమాని ఇటు లాగేసినాం కదా."

పైడమ్మ నవ్వలేదు. చేపల మీద గోనె తీస్తూ అంది: "లంగా బొందు బిగించి లాగితే నడుం సిన్నదవుద్ది. మరి బట్ట ఎక్కడికి పోద్దే? పక్కన కుచ్చు పడతాది."

చేతిలో ఉన్న గిన్నెని రత్నం ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలీదు. అక్కని ఇంట్లో మిన్ను దగ్గర ఉంచి, స్కూటర్ తీసి ముత్తేలపాలెం దారి పట్టింది. పద్దెనిమిది దగ్గర ఊరి బోర్డు రావాలి. బండి మీటరు పద్దెనిమిది దాటింది, ఇరవై దాటింది, ఇరవై నాలుగున్నరకి వచ్చింది బోర్డు. ఫోన్లో పటం మాత్రం పద్దెనిమిదనే చూపిస్తోంది. ఎందుకు చూపించదు, దాన్ని రోజూ సరిచేసి పంపుతున్నది తనే కదా. ఆమె బండి ఆపి, రెండు కరెంటు స్తంభాల మధ్య అడుగులు వేసింది. అరవై ఉండాల్సినవి ఎనభై రెండు వచ్చాయి. రోడ్డు ఎక్కడా చీలలేదు, బీటవేయలేదు. ఉన్నచోటే ఎక్కువైంది.

వెనక్కి వచ్చి రిజిస్టర్లన్నీ బల్లమీద పడేసుకుని కూర్చుంది. నలభై నాలుగు గురువారాలు. ప్రతి గురువారం తర్వాత తేడా వచ్చింది. మూడు, మూడు, నాలుగు, ఆరు, పది, పద్దెనిమిది, చివరికి ముప్పై ఒకటి. ప్రతిదాని పక్కనా 'ఎండ', 'గాలి', 'దిమ్మె ఒరుగు' అని తన గుండ్రటి చేతిరాత. ఆ తర్వాత సున్నా. ఒక్కొక్కటీ ఎవరి కంటికీ ఆనని తేడా. సున్నా చేయకుండా వదిలేసి ఉంటే ఆరు నెలల కిందటే ఎవరో ఒకరు గొంతు చించుకునేవాళ్ళు. ఆమె శుభ్రంగా, శ్రద్ధగా, ఒక్కరోజు కూడా తప్పకుండా తుడిచిపెట్టింది. రిజిస్టర్లు చంకన పెట్టుకుని డైరెక్టర్ గదికి నడిచింది.

పరాంకుశం గారికి అరవై దాటాయి. చెవి వెనక పెన్సిల్ ముక్క పెట్టుకుని తిరుగుతారు. రత్నం చెప్పింది విని, ఆ పెన్సిల్ తీసి చాలాసేపు లెక్క కట్టారు.

"గుమ్మం దగ్గర మిల్లీమీటర్లే. ఇరవై, ముప్పై కిలోమీటర్ల అవతలకి పోయేసరికి అదే కిలోమీటర్లవుతోంది" అన్నారు చివరికి. "మడిచిన దూరం పోలేదమ్మా. రెండు చివరలా చుట్టూతా పేరుకుంటోంది. ఒకసారి కంటే ఇంకోసారి ఎక్కువ."

"ఆపేస్తే వెనక్కి వెళ్తుందా సార్?"

"వెళ్ళదనుకుంటాను. ఎక్కడున్నది అక్కడ నిలిచిపోతుంది."

"అయితే రేపు తెరవొద్దు సార్."

ఆయన కిటికీ వైపు తిరిగారు. ఆ వయసులో అంత పొడుగాటి మనిషి ముడుచుకుపోయినట్టు కనిపించాడు. "నీ దగ్గర ఉన్నది నువ్వే కొట్టేసిన అంకెలమ్మా. రేపు ఎవరు నమ్ముతారు? ఒక్కసారి తెరుద్దాం. ఆ దారిపొడుగునా, సముద్రం మీదా యంత్రాలు పెట్టి సరిగ్గా కొలుద్దాం. ఆ కాగితం పట్టుకుని నేనే ఢిల్లీ వెళ్ళి శాశ్వతంగా మూయిస్తాను." పెన్సిల్ మళ్ళీ చెవి వెనక పెట్టుకుని, "రేపటి విమానంలో శశి పేరుంది. ఇప్పుడు మూస్తే ఒప్పందం ప్రకారం ఏడు నెలలు అతను అక్కడే" అన్నారు. బెదిరించడానికి అన్న మాట కాదది. ఆయనకి మిన్ను అంటే ఇష్టం.

రత్నం ఇంటికి వెళ్ళి శశికి ఫోన్ చేసింది. అంతా విన్నాడు.

"ఇక్కడ కూడా అంటున్నారు రత్నం. ఎడారి ఊళ్ళనుంచి కూరగాయల లారీలు మధ్యాహ్నానికి గాని రావడంలేదట. బద్ధకం అనుకున్నాం." ఆ వెనకే అడిగాడు: "నన్నేం చెయ్యమంటావు? రానా, ఆగనా? నువ్వేది చెబితే అదే."

ఆ మాట అతను అనకుండా ఉంటే బాగుండుననుకుంది రత్నం. వస్తానని మొండికేస్తే తిట్టేది. రానంటే ఏడ్చేది. నిర్ణయం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. పక్కగదిలో మిన్ను, "పెద్దమ్మా, రేపు మా నాన్న వస్తాడు" అని నూటొక్కోసారి చెబుతోంది.

"రా" అంది రత్నం. "నువ్విటు వచ్చేశాక మూసేస్తాను."

పైడమ్మ సాయంత్రం బస్సుకి బయల్దేరుతుంటే ఆమెని గేటు దాకా సాగనంపింది. అంతా చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెబితే మరి రేపెందుకు తెరుస్తున్నారని అడుగుతుంది. అందుకని లెక్క మాత్రం చెప్పింది. వల వేసే చోటు ఒడ్డు నుంచి ఇరవై రెండు కిలోమీటర్లు ఉండేది. ఇవాళ ముప్పై ఉంటుంది. పోనూ రానూ పదహారు ఎక్కువ.

"అప్పా, బావని రేపు ఒక డబ్బా డీజిలు ఎక్కువ తీసుకెళ్ళమను. మరిచిపోకు. నేను చెప్పినానని చెప్పు."

"ఒక్కటి సాల్తాదా?"

"సరిగ్గా సరిపోతుంది."

ఆమె ఎప్పుడూ అంతే. అవసరమైనంతే లెక్క కట్టేది, పిసరు కూడా ఎక్కువ వేసేది కాదు. రేపటి తెరుపుకి ఇంకో ముప్పావు కిలోమీటరు కలవొచ్చని కూడా అంచనా వేసి, ఆ డబ్బా అడుగున మిగిలేది దానికి చాలుతుందని తేల్చుకుంది. పోతురాజు బావ ఆమె మాట జవదాటడు. పదో తరగతి పాసైనరోజు ఆమెని పడవలో కూర్చోబెట్టి ఊరంతా చూసేలా తిప్పిన మనిషి.

గురువారం పొద్దున రత్నం దిమ్మెల దగ్గరికి వెళ్ళింది. తేడా ఏమీ లేదు. 'కొలత సరి' అని సంతకం పెట్టింది.  పది గంటలకి గుమ్మంలో గాలి ఎండమావిలా కదిలింది. అందులోంచి తెల్లటి విమానం ముక్కు, ఆ వెనక మిగతాది వచ్చాయి. మెట్లు దిగుతూనే శశి చేతిలో సంచీ కింద పడేసి పరుగెత్తాడు. మిన్ను అతని మెడ పట్టుకుని వేలాడింది. రత్నం ఇద్దర్నీ కలిపి పట్టుకుంది. ఏడు నెలల ఎడబాటు తప్పింది. సంతోషంగా ఉంది. ఆ పది నిమిషాలూ ఆమెకి నిజంగా సంతోషంగానే ఉంది.

పదిన్నరకి యంత్రాల లెక్కలు వచ్చాయి. ముప్పావు కిలోమీటరు కాదు. ఆ ఒక్క తెరుపుకే పదో వంతు సాగింది. ముప్పై కాస్తా ముప్పై మూడయింది.

రత్నం ఆ కాగితం పట్టుకుని నిలబడి గడియారం చూసింది. బావ తెల్లవారుజామున మూడింటికే పడవ తోసుంటాడు. పోయేటప్పుడు ముప్పై. వచ్చేటప్పుడు ముప్పై మూడు. తను చెప్పిన డబ్బా ముప్పైకి సరిపోతుంది. అతను ఇప్పుడు సముద్రం మీద ఉన్నాడు.

ఫోన్ చేసింది. అందలేదు. మళ్ళీ చేసింది. తీరరక్షక దళానికి చేసి చోటు చెప్పింది. పటం ప్రకారం చెప్పమన్నారు వాళ్ళు. పటం తప్పని చెబితే, మీరెవరని అడిగారు. చివరికి పరాంకుశం గారు ఫోన్ లాక్కుని అరిచారు. ఈలోగా రత్నం రిజిస్టరు తీసి, నలభై అయిదు గురువారాల తేడాలన్నీ కూడి, ఆ మొత్తాన్ని యంత్రంలోకి ఎక్కించింది. సున్నా చేయలేదు. అంత తేడాకి గుమ్మం మీద ఎర్రదీపం వెలిగి, దానంతటదే తాళం పడింది. ఆమె చేతుల మీదుగా ఇక అది తెరుచుకోదు. పరాంకుశం గారు చూశారు గాని అడ్డం చెప్పలేదు.

మిన్నుని పక్కింట్లో దింపి, శశితో కలిసి బయల్దేరింది. పద్దెనిమిది కిలోమీటర్ల దారి నిన్న ఇరవై నాలుగున్నర, ఇవాళ ఇరవై ఏడు. స్తంభాల మధ్య పొలాలు వచ్చిపడుతూనే ఉన్నాయి. "ఇంకా ఎంత?" అని రత్నం నాలుగుసార్లు అడిగింది. ఆమె కంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. శశి వేగం పెంచాడు.

వాళ్ళు చేరేసరికి ఒంటిగంట దాటింది. తీరరక్షకుల పడవ అప్పుడే పోతురాజు పడవని తాడేసి లాక్కొచ్చింది. పడవలో ఇద్దరే ఉన్నారు. పోతురాజు లేడు. అతని తోటివాడు ఎల్లాజీ ఇసకలో చతికిలబడి చెబుతున్నాడు. నలుగురూ మూగి వింటున్నారు.

"డీజిలు అయిపోనాది. కొండ సూస్తే తాటితోపు దాటి గుడి మీదకొచ్చేసింది. ఆ గురుతుకి రెండు కిలోమీటర్లే ఉండాల. గుడిసెలు కనపడతన్నాయి. ఉండరా, నాను ఈదుకెళ్ళి డబ్బా ఏయించుకుని ఇంకో పడవలో వొచ్చెత్తాను అన్నాడు. ఆ దూరం ఆడికి లెక్కేటి. సిన్నప్పట్నుంచీ ఈదిందే. గంటైనాది, ఇంకా ఈదతానే ఉన్నాడు. మాకు తల కనపడతానే ఉంది. ఒడ్డు కనపడతానే ఉంది. ఆడికి అది దగ్గర కాట్నేదు. ఆనక తల కనపడనేదు."

రత్నానికి వినకుండానే తెలుసు. రెండు కాదు, అది మూడు.

నాలుగింటికి అతను దొరికాడు. ఒడ్డుకి మూడు వందల మీటర్ల దూరంలో, నడుములోతుకి కాస్త అవతల. తెచ్చి గట్టున పడుకోబెట్టారు. ఊపిరి ఎప్పుడో పోయింది.

పైడమ్మ అరవలేదు. మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని, వేళ్ళ సందుల్లో ఇసక కొంగుతో తుడుస్తోంది. రత్నం పక్కన కూర్చుని చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఇద్దరూ చాలాసేపు అదే పని చేశారు. ఊళ్ళో ఆడవాళ్ళ ఏడుపు వాళ్ళ చుట్టూ లేచింది. కాసేపటికి పైడమ్మ తలెత్తి, ఎదురుగా నిలబడ్డ శశిని గుర్తుపట్టింది.

"మరిదిగారు ఎప్పుడొచ్చినారు?"

"పొద్దున, వదినగారూ" అన్నాడు శశి. 

"మంచిదే" అంది పైడమ్మ. "ఆ గుమ్మం ఉండబట్టి మీ అన్నని ఆకరిసారి సూడ్డానికి అందినారు."

రత్నం నీళ్ళు పోయడం ఆపింది. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. ఎల్లాజీకి తెలియదు, ఊరికి తెలియదు. సముద్రం మింగిందంటారు, మూడు రోజులు ఏడుస్తారు, అక్క ఆమె ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంటుంది. శశి కళ్ళతోనే వద్దన్నాడు.

"అప్పా" అంది రత్నం. "ఈయన రావడానికి గుమ్మం తెరిస్తేనే బావకి దూరం పెరిగింది. పెరుగుతుందని నాకు నిన్ననే తెలుసు. నాను వొద్దంటే తెరిచేవాళ్ళు కాదు. ఈయన ఇటొచ్చేదాకా మూయలేదు."

పైడమ్మ కొంగు ఆగింది.

"ఎంత పెరిగినాది?"

"మూడు కిలోమీటర్లు."

"ఆడు ఈదింది ఎంత?"

 రత్నం అదీ చెప్పింది. "రెండూ ముప్పావు."

పైడమ్మ సముద్రం వైపు చూడలేదు, శశి వైపు చూడలేదు. చెల్లెలి మొహంలోకే చూసింది, ఎవరో కొత్తమనిషిని పోల్చుకుంటున్నట్టు. తర్వాత చెయ్యి చాచి, రత్నం వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, చెంబు తీసేసుకుంది. మొగుడి రెండో కాలిమీద తనే నీళ్ళు పోసుకోవడం మొదలెట్టింది.